భైరవుని ఎవరి చేతికి అప్పగింతువు?

ఉయ్యాలవాడ,
చైత్ర బహుళ దశమి

చిరంజీవి సౌభాగ్యవతియగు అమ్మాయికి పెదనాయన అనేకాశీర్వచనములు చేసి వ్రాయునది.

బిడ్డల వేసవి సెలవులలో మీరు కాశీ, హరిద్వారములు సేవించి బదరీనాథము వఱకు పోవ నిశ్చయించుకొన్నారని విని మిక్కిలి సంతోషించితిని. ఆ యాత్ర సాగు రెండు వారములును మీ కుక్క భైరవుని మన ఊరికి తెచ్చి నా యొద్ద విడిచిపోదునా, లేక హైదరాబాదులోనే కుక్కల నుంచుకొను బోర్డింగులో చేర్చుదునా యని అడిగితివి. ఆ మూగజీవమునకు ఏది హితమో తెలిసికొనవలెనని నీవు నెల ముందుగానే చింతించుట నాకు ఎంతయు ముచ్చట గొల్పినది. ఏలన, ప్రయాణపు పెట్టెలన్నియు సర్దిన పిదప, బండి కదలు పూట, 'మఱి కుక్క మాటేమి' అని అడుగువారినే నేను ఎక్కువగా చూచితిని.

మొదట మన యింటి సంగతి వ్రాసెదను. భైరవుడు ఇక్కడికి వచ్చినచో నాకును మీ పెద్దమ్మకును కలుగు సంతోషము ఇంతింత యనరాదు. ఐనను ఈ వైశాఖమున వానిని పంపవద్దు. నంద్యాల ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు ముట్టు దినములు ఈ నెలలలోనే వచ్చును. మన వాకిలియంతయు నాపరాళ్లు పఱచినదగుటచే పదిగంటలకే కాలు మోపరాదు. చెప్పు లేని వాని అరికాళ్లు ఒక్క మధ్యాహ్నమునకే బొబ్బలెక్కును. వాని జాతి ల్యాబ్రడారు, అనగా న్యూఫౌండ్లాండ్ తీరమున చల్లని సముద్రజలములలో జాలరులకు తోడు నిలిచిన కుక్కల సంతతి. ఆ చలికి ఓర్చుటకై ప్రకృతి యిచ్చిన రెండు వరుసల బొచ్చు ఈ కుందూ లోయ వేసవిలో వానికి భారమే. మనకు వలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే వాని శరీరము వేడిని వెడలగొట్టు ముఖ్యమార్గము. గాలియే నిప్పువలె కాగినప్పుడు ఆ మార్గమును మూసికొనిపోవును. ఆరోగ్యవంతమైన కుక్క ఒంటివేడి 101 మొదలు 102.5 ఫారన్‌హీట్ డిగ్రీల వఱకుండును. అది 106 దాటెనా, ఇక వైద్యునికొఱకు వెదకుటకు ఎక్కువ వ్యవధి యుండదు.

మఱియొక సంగతి. వీధిలోని కుక్కలు తమ పొలిమేరలను తామే కాచుకొనునవి. ఏడేండ్లుగా పట్టణపు గదులలో పెరిగిన వీనిని అవి అతిథిగా మన్నింపవు. పశువుల కొట్టము ప్రక్కనే యుండుటచే పిడుదుల బెడద కలదు. పిడుదుల కాటు వలన వచ్చు జ్వరము కుక్క రక్తమునే హరించును. మన పరిసరములలోని పశువైద్యులు పాడిగేదెలకును గొఱ్ఱెలకును వైద్యము చేయుటలో ఆఱితేరినవారు, కాని నడిరేయి ఒక కుక్కకు సెలైను ఎక్కింపవలసి వచ్చినచో మనము నంద్యాలకో ప్రొద్దుటూరికో పరుగిడవలసినదే. ప్రేమ యున్నంత మాత్రమున ఈ సౌకర్యములు ఏర్పడవు గదా! కార్తీకము తరువాత మీరందఱు కలిసి వచ్చునప్పుడు వానిని తప్పక తెండు.

1866 నాటి కరువులో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి కీర్తి గన్న బుడ్డా వెంగళరెడ్డిగారు పుట్టిన ఊరు మనది. ఇక్కడ పెరిగినవారికి, ఆకలిగొన్న ప్రాణికి ముద్ద పెట్టుటతో ధర్మము నెఱవేఱినదను భావము రక్తమునందే యున్నది. ఆ భావము పవిత్రమైనదే. కాని నీవు భైరవుని ఒకరి కప్పగించునపుడు కోరవలసినది ముద్ద ఒక్కటియే కాదమ్మా. అన్నము పెట్టుట వేఱు, కనిపెట్టి చూచుట వేఱు. నిన్నటికంటె నేడు తక్కువ తినెనా, నీరు త్రాగెనా, కుంటుచున్నాడా, మూలకు ఒదిగి పండుకొన్నాడా యని గమనించు కన్ను గలవాడు కావలెను. ముప్పది కిలోల కుక్కకు సాధారణ దినములలోనే లీటరున్నరకు తక్కువ కాని నీరు వలయును, వేసవిలో ఇంకను ఎక్కువ. గిన్నె నిండుగా నున్నదనుటకును, గిన్నెలోని నీరు వాని కడుపులోనికి పోయినదనుటకును గల భేదము ఆ కన్నుకే తెలియును.

కావున, స్థలమును చూచుటకు ముందు మనిషిని చూడుము. వాడు తన వసతులను ఎంత చక్కగా వర్ణించునో వినుట కంటె, మన కుక్కను గూర్చి మనల నేమేమి అడుగునో లెక్కించుము. ఏమి తినును, ఎన్ని పూటలు, ఉఱుముకు భయపడునా, ఇతర కుక్కలతో కలియునా, ఎప్పుడైన కఱచెనా, టీకాలు ఎన్నడు వేయించితిరి, ఏ మందు వాడుచున్నారు, అని తానే విడువక అడుగువాడు మన కుక్కను చూచుటకు అప్పుడే మొదలుపెట్టినాడు. దినమునకు ఇంత రుసుము, ముందుగా సగము కట్టుడు, అని ఊరకుండువాని వద్దనుండి మర్యాదగా లేచి వచ్చివేయుము. ముఖ్యముగా టీకాల పుస్తకము చూపుమని కోరని చోట వానిని ఒక్క రాత్రియైనను ఉంచవద్దు. నిన్ను అడుగనివాడు తక్కినవారినిని అడిగియుండడు. అట్లయినచో వాని గదులలో రేబీస్ టీకా లేని కుక్కయు, పార్వో సోకిన కుక్కపిల్లయు ఉండి యుండవచ్చును. పార్వో విషక్రిమి నేలపై నెలల తరబడి నిలుచును, సబ్బునీళ్లకు చావదు. అనేక శునకములు ఒక్క కప్పు క్రింద నున్నచో వ్యాపించు దగ్గు మఱియొకటి కలదు. దానికి ముక్కులో వేయు టీకామందున్నది. ఈ టీకాలు వేయించిన నాడే పనిచేయవు కనుక, ప్రయాణమునకు రెండు మూడు వారముల ముందే మీ వైద్యునికి చూపించి, ఏటేట వేయవలసిన రేబీస్ టీకా గడువును కూడ సరిచూచుకొనుము.

నా అభిప్రాయము అడిగితివి కనుక నిశ్చయముగనే చెప్పెదను. వయసు మీఱుచున్న భైరవునివంటి వానికి, తాను పెరిగిన యింటనే, తానెఱిగిన మనిషి వచ్చి రాత్రులు కూడ పండుకొని చూచుట ఉత్తమము. యజమానులు కానరాకున్నను గోడలు, పక్క, నడచు వీధి, అన్నియు తనవే కావున దిగులు సగము తగ్గును. అది కుదరనిచో, తన యింటిలోనే ఒకటి రెండు కుక్కలను మాత్రమే ఉంచుకొని సాకు గృహస్థు మేలు. పెద్ద బోర్డింగు ఆ తరువాతిది. ఇక ప్రక్క ఫ్లాటువారు ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి తలుపు తీసి గిన్నె నింపిపోవుదురను ఏర్పాటు ఒక్క దినమునకైతే సరిపోవునేమో గాని రెండు వారములకు అది దయ కాదు, ఒంటరి చెఱ. మీతో తీసికొనిపోవుదమా యని అల్లుడు అన్నాడని వ్రాసితివి. రైలులో మొదటి తరగతి ఏసీ కూపే మొత్తము మీ పేర తీసికొన్ననే తప్ప కుక్కను దగ్గఱ నుంచుకొననీయరు. లేనిచో గార్డు పెట్టెలోని చిన్న గూటిలో వేయవలెను. ఈ ఎండలో కాశీ దాక ఆ గూటిలో ప్రయాణమనగా నా మనసు ఒప్పదు.

ఒకవేళ బోర్డింగే గతియైనచో, ముందుగా చెప్పక మిట్టమధ్యాహ్నము పోయి చూడుము. ఉదయమున కడిగి అగరువత్తి వెలిగించిన చోటు మధ్యాహ్నము అట్లే యుండదు. లోనికి అడుగిడగనే ముక్కునకు తగులు వాసన, కుక్కలు అఱచు తీరు, నీటి గిన్నెల అడుగు, వీని కంటె నిజము చెప్పు సాక్షులు లేరు. వీథి వాకిలికిని కుక్కల చోటికిని నడుమ రెండవ తలుపున్నదా? ఒక్క తలుపే యున్నచో, పాలవాడు తీసినంతనే వీథిలోనికి ఉఱికిన కుక్క తెలియని పేటలో మఱి చిక్కదు. అందుచే వాని మెడపట్టెడపై నీ ఫోను నంబరు చెక్కించుట మఱవకుము. పెద్ద కుక్కలను చిన్న కుక్కలను ఒకే దొడ్డిలో వదలుదురా? కరెంటు పోయినచో గాలికి దారి యేమి? అన్నిటికంటె ముఖ్యముగా, రాత్రి అక్కడ పండుకొనువా డెవడో పిలిపించి మాటాడుము. గోడలకు సీసీ కెమెరాలున్నవి, మీరు ఫోనులోనే చూచుకొనవచ్చునని గొప్పగా చెప్పుదురు. కుక్క బాధపడుటను బదరీనాథములో నుండి నీవు చూచి చేయగలిగిన దేమి? కెమెరా చూచునే గాని లేచిపోయి తల నిమురదు.

గొలుసుతో కట్టివేయు చోటైనచో అక్కడ క్షణము నిలువకుము. పొట్టి గొలుసున దీర్ఘకాలము కట్టివేయుటయు, ఎల్లప్పుడు కట్టి యుంచిన కుక్కకు నడక లేకుండ చేయుటయు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమున 11వ సెక్షను ప్రకారము నేరములు. మొదటి తప్పునకు ఆ చట్టము విధించు జుల్మానా పది మొదలు ఏబది రూపాయలు మాత్రమే. అంత తేలికయగు దండనకు వెఱచి ఎవరును మారరు కనుక నీ కన్నులే నీకు చట్టము కావలెను. శాసనముల మాట యేమైనను, మన వాఙ్మయము ఈ విషయమున ఎంత కఠినమో చూడుము: నన్నయభట్టారకుని ఆదిపర్వమున కథ నడక సాగించిన కొలదికాలమునకే, యజ్ఞశాల కడ ఆడుకొనవచ్చిన సారమేయుడను కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టుటయు, దాని తల్లి సరమ వచ్చి సార్వభౌముని యెదుట నిలిచి న్యాయ మడుగుటయు మనము చదువుదుము. మహాభారతమంతటి ధర్మగ్రంథము ఒక నిరపరాధియైన కుక్కపై పడిన దెబ్బను మొదటనే విచారణకు తెచ్చుట నన్ను చిన్ననాటినుండియు కదలించుచున్న విషయము.

స్థలము కుదిరిన పిదప, ప్రయాణమునకు ముందే ఒక్క రాత్రి వానిని అక్కడ ఉంచి చూడుము. మఱునాడు నీవు పోయినపుడు వాడు ఆ మనిషి చేతిని చూచి వెనుకకు జంకునా, తోక యాడించునా యనునది నీకు ఏ రసీదును చెప్పని సంగతి చెప్పును. తిండి మార్చవద్దు, ఇంట తినునదే సంచి కట్టి పంపుము, హఠాత్తుగా మార్చినచో కడుపు చెడును. కనికరముతోనే కీడు చేయువారుందురు కనుక ఎఱ్ఱగడ్డ వేసిన కూరలు, ఎండుద్రాక్ష పడిన పాయసము, చాక్లెటు, ఉడికిన కోడి ఎముకలు కూడదని పెద్దయక్షరములతో వ్రాసి యిమ్ము. నీవు కట్టిన పాత చీర యొకటి ఉతుకక వాని పక్కలో వేయుము. మన ముక్కులో 50, 60 లక్షల ఘ్రాణగ్రాహకము లున్నవందురు. కుక్కకవి 20 కోట్లకు పైబడి యున్నవి. కావున ఆ చీర వానికి వట్టి గుడ్డ కాదు, నీ సాన్నిధ్యమే.

ఇక నీవు తలంపనొల్లని మాట యొకటి వ్రాయక తప్పదు. కొండదారి పట్టిన పిదప మీ ఫోను అందవచ్చును, అందకపోవచ్చును. పెద్ద ఛాతీ గల కుక్కలకు ఒక్కొక్కప్పుడు కడుపు ఉబ్బి మెలిపడును; వాంతికి మాటిమాటికి యత్నించియు ఏమియు రాక గిలగిలలాడును. అట్టి స్థితిలో కొన్ని గంటలలోనే శస్త్రచికిత్స జరుగవలెను. నిన్ను అడుగక చేయరాదని వైద్యుడును, డబ్బెవరిత్తురని సంరక్షకుడును సంశయించుచుండగా ప్రాణము పోవును. కావున ఏ వైద్యునికడకు కొనిపోవలెను, ఎంత వఱకు వ్యయము చేయవచ్చును, మీరు అందనిచో ఎవరి నిర్ణయము చెల్లును అనునవి మీ యిద్దఱి సంతకములతో వ్రాసి యిచ్చి, కొంత సొమ్ము హైదరాబాదులోనే యుండు ఒకరి వద్ద ఉంచిపొండు. నీకు సమ్మతమైనచో ఆ నిర్ణయము చేయుటకు నా పేరు వ్రాయుము. ఏ వేళ ఫోను వచ్చినను లేతును.

అప్పగించు నాడు బిడ్డలను కావలించుకొని ఏడ్వనీయకుము. మన గొంతులోని దిగులు వాడు వెంటనే పట్టును. మామూలుగా షికారునకు పోయినట్లే పోయి, పగ్గమును సంరక్షకుని చేతి కిచ్చి, వెనుదిరిగి చూడక రండు. మొదటి ఒకటి రెండు దినములు వాడు సరిగ తినకపోవచ్చును, దానికి బెదరవలదు. మూడవనాడును ముట్టకున్నచో వైద్యునికి చూపుమని ముందే చెప్పుము. తిరిగి వచ్చిన తరువాత పది పదునైదు దినములు దగ్గు, వాంతి, విరేచనములు కలుగునేమో కనిపెట్టుచుండుము. చెవుల వెనుకను వ్రేళ్ల సందులను పిడుదులకై వెదకుము. కొన్నాళ్లు నీ వెంటనే గదిగదికి తిరిగినను, అలిగి ముఖము చాటు చేసికొన్నను విసుగుకొనకుము.

నీవు చూచి వచ్చిన చోటుల వివరములును, అచ్చటివారు నిన్నడిగిన ప్రశ్నలును విడువక వ్రాయుము. అల్లునికి నా ఆశీస్సులు, బిడ్డలకు ముద్దులు. మీ పెద్దమ్మ భైరవునికై జొన్నరొట్టెలు పంపుదునన్నది. ప్రయాణము ముగిసిన పిదప పంపుమంటిని.

ఇట్లు,
నీ పెదనాయన