లోయనుండి పైకెక్కుట

విద్యార్థులారా! కొండ నెక్కుటకును, లోయనుండి పైకెక్కి వచ్చుటకును భేదమేమని యడిగినచో, రెండును ఎక్కుటయే గదా యని మీలో పెక్కురు బదులు చెప్పుదురు. కొలబద్దతో చూచిన ఆ మాట నిజమే. మూడు వందల అడుగుల కొండ నెక్కినను, మూడు వందల అడుగుల లోయనుండి పైకి వచ్చినను, కాళ్ళు మోసిన బరువొకటే, దేహము లేచిన యెత్తొకటే. అయినను కొండ నెక్కినవారు అలసి యింటికి వచ్చుచుండగా, లోయలో దిగినవారిని కొన్ని వేళల ఇతరులు మోసికొని రావలసివచ్చుచున్నది. ఇందులకు కారణమేమో ఈ పాఠమున విచారింతము.

ముందుగా మన చెంతనున్న రామగిరి ఖిల్లాను తీసికొందము. పెద్దపల్లి జిల్లాలో బేగంపేట సమీపమున నున్న ఆ కొండ నెక్కగోరువాడు ఉదయపు చల్లదనమున, నిండు బలముతో, నిండు నీటి సీసాతో బయలుదేరును. కష్టమైన భాగము మొదటనే వచ్చును. సగము త్రోవలో ఊపిరి చాలనిచో వెనుదిరుగవచ్చును. ఇంటివైపు పోవు త్రోవ యంతయు దిగుడే. కొండ తన నెక్కువానిని మొదటి గంటలోనే పరీక్షించి, తగనివానిని తిరిగి పంపివేయును. లోయ అట్లు చేయదు. దిగుచున్నవానికి అలసట తెలియదు. క్రింద మెఱయుచున్న నీరు వానిని పిలుచుచుండును. పరీక్ష జరుగునది చివరి గంటలలో, ఎండ ముదిరి, సీసాలో నీరు తఱిగిన పిమ్మట. అప్పుడు వెనుదిరుగుట యనగా ఎక్కుట తప్ప వేఱు మార్గము లేదు.

మీ తండ్రులకును తాతలకును ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు. గోదావరిఖని, రామగుండము ప్రాంతములందు గనిని బొగ్గుబాయి యని యనుట వాడుక. బావి యన్న ఆ పేరు ఎంత చక్కగా కుదిరినదో చూడుడు! ఇంక్లైను గనిలో వాలు త్రోవ నేలపైనుండి లోపలికి, క్రిందికి పోవును. షిఫ్టు మొదట దిగునప్పుడు దేహము తానే ముందునకు సాగును. ఎనిమిది గంటల పని ముగిసిన తరువాత, ఉక్కలో చెమటకు తడిసిన బట్టలతో, అదే త్రోవను ఎక్కవలసియుండును. మనుష్యులను మోయు మ్యాన్‌రైడింగు యంత్రములు అమర్చిన గనులలో ఈ శ్రమ చాల తగ్గినది. అవి లేని దినములలో పనిచేసిన పెద్ద నెవరినైనను అడుగుడు. దిగుడు త్రోవ పొడవెంతో, ఎక్కుడు త్రోవ పొడవెంతో ఆయన వేఱువేఱుగా చెప్పును. రెండును ఒకటే త్రోవ యన్న మాట ఆయన ఒప్పుకొనునో లేదో నాకు సందేహమే.

ఇప్పుడు నిజమైన లోయకు పోదము. మన తెలుగునేలపై అట్టిదానిని చూడగోరినచో కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున నున్న గండికోటకు పోవలెను. గండి యనగా కొండ తెగిన చోటు. ఎఱ్ఱమల కొండలను పెన్నానది కోసికొనిపోగా ఏర్పడిన ఆ గండి అంచున కోట కట్టబడుటచే ఊరికి ఆ పేరు వచ్చినది. అంచున నిలిచి చూచిన, గోడ కట్టినట్లు నిలువుగా నున్న ఎఱ్ఱని బండలు సుమారు మూడు వందల అడుగులు క్రిందికి దిగి నీటిని తాకుచుండును. 1652వ సంవత్సరమున మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకొన్నప్పుడు ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అచ్చటికి వచ్చెను. లోయయే కోటకు ఒకవైపున కందకమై యుండుటచే ఆ దిక్కున శత్రువునకు ప్రవేశము దుర్లభము.

ఆ బండలు క్వార్ట్‌జైటు అను గట్టి శిల. వాని వయస్సు వంద కోట్ల యేండ్లకు పైబడినది. మన గోదావరి లోయలోని బొగ్గుపొరలకు సుమారు ఇరువదియైదు నుండి ముప్పది కోట్ల యేండ్లు మాత్రమే. గండికోట శిల లేర్పడునాటికి నేలపై చెట్టన్నదే లేదు. కావున బొగ్గుబాయి పిల్లలైన మీరు అచ్చట నల్లని పొర యేదైన కనబడునేమో యని వెదకి శ్రమపడవలదు!

రాయలసీమలో వాన తక్కువ, నీడ తక్కువ. పగటి ఎండను త్రాగిన బండ సాయంకాలము వఱకును వేడిని వెలిగ్రక్కుచుండును. క్రింద కనబడు నీరు చాలవఱకు మైలవరము జలాశయమునుండి వెనుకకు నిలిచినది. దాని లోతు పైనుండి తెలియదు. దానిలోనికి దిగరాదు, శుద్ధి చేయక త్రాగరాదు. కావున లోయలో నదిని చూచి, నీరు దొరకెనని లెక్క వేసికొనుట తగదు. త్రాగునీరు మీరు మోసికొనిపోయినదే.

కొన్ని యేండ్ల క్రిందట అట్టి లోయలోనే వేఱొక పాఠశాలవారి విహారయాత్రలో జరిగిన దానిని నేను కన్నులార చూచితిని. పదునాలుగేండ్ల బాలుడొకడు అందఱికంటె ముందుగా బండలపై దుముకుచు దిగిపోయెను. అడుగున చేరి తన నీరంతయు త్రాగి, మిగిలినదానిని తలపై పోసికొనెను. పండ్రెండు గంటలకు ఎక్కుట మొదలుపెట్టిరి. సగము దూరము వచ్చునప్పటికి వాడొక బండపై కూర్చుండి, పిలిచిన పలుకక, పలికిన పొంతన లేక యుండెను. ఇద్దఱు పెద్దలు భుజముల నందిచ్చి వానిని నీడకు చేర్చి, చొక్కా తడిపి, విసరి, ఆసుపత్రికి తీసికొనిపోయిరి. వాడు బ్రదికెను. వాని వెనుక మెల్లగా, నడుమ నడుమ కూర్చుండుచు వచ్చిన బాలికలు కొందఱు ఒక్క మాటయు ఆడక గట్టు చేరిరి. బలముగల పిల్లవాడు ఎక్కువ లోతునకు దిగును. కావున ఆపద వానికే ముందు వచ్చును.

ఇందలి లెక్కను పరిశీలింతము. నలువదియైదు కిలోల బరువుగల విద్యార్థి మూడు వందల అడుగులు, అనగా సుమారు 91 మీటర్లు, పైకెక్కునప్పుడు చేయు పని బరువును, గురుత్వమును, ఎత్తును గుణించిన సుమారు 40,000 జౌళ్ళు. మన కండరములు తాము వినియోగించు శక్తిలో నాలుగవ వంతునకు మించి పనిగా మార్చజాలవు. తక్కిన మూడు వంతులును వేడిగా మాఱును. కావున 40,000 జౌళ్ళ పనికి కనీసము 1,20,000 జౌళ్ళ వేడి పుట్టును. ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు సుమారు 2,400 జౌళ్ళు కావలెను. భాగించినచో 50 గ్రాముల చెమట. ఇంతేనా యని నవ్వవలదు. ఇది దేహమును పైకెత్తుటకు మాత్రమే. అడ్డముగా నడచిన దూరము, పైనుండి కాయు ఎండ, ప్రక్కలనుండి కొట్టు బండవేడి ఇందులో చేరలేదు. వేడి మిక్కిలిగా నున్నప్పుడు కష్టపడి నడచువానికి గంటకు లీటరు చెమట పోవుటయు కలదు. గనిలో గాలి తేమగా నుండుటచే చెమట కారుట కంటికి కనబడును. పొడిగాలిలో అది పుట్టినంతనే ఆరిపోవును. చొక్కా పొడిగా నున్నది గదా, నాకు చెమటయే పట్టలేదని పిల్లలు పలుకుట తఱచు వినుచుందుము. అది పొరపాటు.

దిగునప్పుడు పని లేదనుటయు సరికాదు. తొడకండరములు అడుగడుగునకు బ్రేకువలె దేహమును ఆపుచు, సాగుచునే బిగిసియుండును. మఱునాడు తొడలు నొచ్చుటకు ముఖ్యకారణ మిదియే. కావున ఎక్కుట మొదలిడు సమయమునకే, మనకు తెలియకుండ, కాళ్ళు సగము వాడుకబడినవి.

ఈ లెక్క పెద్ద యెత్తున చూడవలసిన చోటు అమెరికాలోని అరిజోనా ఎడారినేలలో కొలరాడో నది కోసిన గ్రాండు కాన్యను. దాని పొడవు 277 మైళ్ళు, లోతు కొన్ని చోట్ల మైలునకు మించును. 1540లో స్పెయిను దేశపు సైనికుల దండు దాని దక్షిణపు గట్టునకు వచ్చెను. తేలికగా నడవగల మువ్వురు నదిని చేరుదుమని దిగిరి. మూడవ వంతు మాత్రమే దిగి, సాయంకాలము నాలుగు గంటలకు వెనుకకు వచ్చిరి. పైనుండి మనిషి యెత్తున కనబడిన బండలు దగ్గఱకు పోయి చూడగా సెవిల్ నగరపు గొప్ప గోపురముకంటె ఎత్తైనవని వారు చెప్పిరి. వెనుకకు వచ్చుటే వారి తెలివి యని నా యభిప్రాయము.

1869లో ఒంటిచేతి సైనికుడైన జాన్ వెస్లీ పవెల్ తొమ్మండ్రు తోడివారితో, నాలుగు పడవలతో నదివెంట పయనించెను. ఆహారము తఱిగి, ముందున్న నీటిజారు భయంకరముగా కనబడగా, ఆగష్టు 28వ తేదీన మువ్వురు పడవలను విడిచి ప్రక్కలోయ వెంబడి పైకెక్కిపోయిరి. పడవలలో నున్నవారు రెండు దినములకే లోయ దాటి క్షేమముగా బయటపడిరి. ఎక్కిపోయిన మువ్వురును మరల తమవారిని చేరలేదు. గట్టు చేరుటతో త్రోవ ముగియదు; గట్టుమీదను నీరు, తిండి, దారి యుండవలెను.

ఇప్పుడు అచ్చట బ్రైట్ ఏంజెల్ అను బాట కలదు. గట్టునుండి నదికి దిగుడు సుమారు 4,380 అడుగులు. మన విద్యార్థి దాని నెక్కినచో, పై లెక్కప్రకారము దేహము నెత్తుటకే ముప్పాతిక లీటరు చెమట కావలెను. వేసవిలో లోయ యడుగు గట్టుకంటె పది డిగ్రీలకు పైగా వేడిగా నుండును. అనగా మనుష్యుడు అత్యంత వేడినుండి ఎక్కుట ప్రారంభించును. ఒక్క దినములో నదివఱకు పోయి తిరిగి రావలదనియు, ఉదయము పది మొదలు సాయంకాలము నాలుగు వఱకు ఎండలో ఎక్కవలదనియు, దిగిన కాలమునకు రెట్టింపు కాలము ఎక్కుటకు ఉంచుకొనవలెననియు అచ్చటి అధికారులు చెప్పుదురు. ఇంత చెప్పినను ఏటేట 250 మందికి పైగా ప్రయాణికులను వారు రక్షింపవలసివచ్చుచున్నది.

ఆ బాట నిలువుగా పోక వంపులు తిరుగుచు పోవును. ఇట్టిది చూచుటకు మీరు అమెరికా పోనక్కఱలేదు. మన ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గు లారీలు నడచు బాట ఏల అంతగా చుట్టు తిరుగునో యెన్నడైన ఆలోచించితిరా? పదునాఱు అడుగుల నడకకు ఒక అడుగు యెత్తునకు మించరాదని సాధారణ నియమము. మూడు వందల అడుగుల యెత్తునకు 4,800 అడుగుల బాట, అనగా మైలునకు కొంచెము తక్కువ. యంత్రమునకే ఇంత దయ చూపునప్పుడు కాళ్ళకు చూపరాదా? అడ్డదారిని విడిచి, చిన్న అడుగులతో, ప్రక్కవానితో మాటలాడగలిగినంత మెల్లగా ఎక్కవలెను. మాట తెగినచో వేగము మించినదని గుర్తు. అరగంట కొకసారి నీడలో కాళ్ళు ఎత్తిపెట్టి అయిదు నిమిషములు కూర్చుండవలెను.

ఇచ్చట ఒక మాట. పని ముగిసి విడువబడిన ఓపెన్‌కాస్టు గోతులలో వాననీరు నిలుచును. ఈతకై అందులోనికి దిగు పిల్లలను గూర్చి వినుచున్నాము. వాని గట్లు వదులు మట్టి. దిగినంత సులభముగా అవి మిమ్ము ఎక్కనీయవు. తల్లిదండ్రులు పిల్లలను అటు పోనీయరాదు.

నీటిని గూర్చి మఱియొక సంగతి. చెమటతో నీరే కాక ఉప్పును పోవును. ఉప్పు లేని నీటినే గంటల తరబడి మితిమీరి త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచబడి, తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగును. అది చూచుటకు వడదెబ్బవలెనే యుండును గాని, మఱింత నీరు పోసిన కీడగును. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, జొన్న అంబలి మన యింటి మందులు. వేయించిన ఉప్పు శనగలు జేబులో నుంచుకొనుడు. మాట తడబడి దేహము కాలుచున్నచో అది వడదెబ్బ. నీడకు చేర్చి, నీటితో తడిపి, విసరుచు వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు.

విహారయాత్రకు బస్సు రుసుము చెల్లించినాము గదా, మా పిల్లవానిని క్రిందికి దిగనీయరేమని తల్లిదండ్రులు కొందఱు అడుగుచున్నారు. జనవరిలో ఉదయము ఏడు గంటలకు గట్టు విడిచినచో దిగుటకు గంట, ఎక్కుటకు రెండు గంటలు ఉంచుకొన్నను పదింటికి పైకి రావచ్చును. బస్సు ఆలస్యమై తొమ్మిది దాటినచో అందఱమును గట్టుమీదనే నిలిచి చూతుము. సీసాలోని నీటిలో మూడవ వంతు మాత్రమే దిగుటకు. రెండు వంతులు ఎక్కుటకు.

యాత్రకు ముందు ఇంటివద్ద చేయవలసిన పని: పాఠశాల మేడమెట్లలో ఒక్కొక్కదాని యెత్తును కొలిచి, మొత్తము ఎంతయో వ్రాసికొనుడు. పదిమాఱులు దిగి నాడిని లెక్కించుడు. విశ్రమించి, పదిమాఱులు ఎక్కి మరల లెక్కించుడు. మీ బరువుతో పై లెక్కను కట్టి, సోమవారము తరగతికి తెండు. అందఱి ఫలితములను నల్లబల్లపై వ్రాసి పోల్చి చూతము.