వరి పూతకు వేడి దెబ్బ: మొక్కల్లోని పదార్థాలు కాపాడగలవా?

వరి పైరు మూడు నాలుగు నెలలు పొలంలో ఉంటుంది. కానీ గింజ కడుతుందా, తాలు పోతుందా అన్నది తేలేది ఇంచుమించు ఒక్క గంటలో. వెన్ను బయటికి వచ్చాక ఒక్కో పువ్వు ఒకే ఒక్కసారి, ఎక్కువగా ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం పన్నెండుకీ మధ్య, విచ్చుకుంటుంది. దానిలోని ఆరు పరాగకోశాలు పగిలి పుప్పొడి రాలుతుంది. కీలాగ్రం మీద పడిన రేణువు మొలకెత్తి అండం వైపు సాగుతుంది. ఆ తర్వాత పువ్వు మూసుకుపోతుంది, మళ్లీ తెరుచుకోదు. రైతులు సుంకు దశ అనేది దీన్నే. ఆ సమయంలో పువ్వు ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే చిక్కు మొదలవుతుంది. కోశాలు సరిగా పగలవు, రాలిన కాస్త పుప్పొడి కూడా మొలకెత్తదు. అయినా పైరు పచ్చగానే కనిపిస్తుంది. కోతల నాటికి వెన్ను బరువుతో వంగకుండా నిటారుగా నిలబడి ఉంటే అప్పుడు తెలుస్తుంది, లోపల గింజ లేదని.

తెలంగాణలో యాసంగికి, కోస్తాలో దాళ్వాకు వరి వేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. నీళ్లు ఆలస్యంగా అంది నాట్లు వెనక్కి జరిగితే పూత కూడా వెనక్కి జరిగి ఎండల్లోకి పోతుంది. పూత గండం దాటినా పాలు పోసుకునే దశలో, గింజ ముదిరే దశలో వేడి వదలదు. యాసంగి ధాన్యం మర ఆడిస్తే నూకలు ఎక్కువ రావడానికీ, అందుకే దాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చాల్సి రావడానికీ పెద్ద కారణం ఇదే.

పగటి ఎండ కంటికి కనిపిస్తుంది కనుక దాని గురించి మాట్లాడుకుంటాం. రాత్రి వేడి గురించి అంతగా పట్టించుకోం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలంలో ఏళ్ల తరబడి నమోదైన ఉష్ణోగ్రతలను, దిగుబడులను పోల్చి చూసి 2004లో ఒక ఫలితం ప్రకటించింది. పంటకాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అక్కడ దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. రాత్రి వేడిగా ఉంటే మొక్క శ్వాసక్రియ వేగం పెరిగి, పగలు కూడబెట్టుకున్న చక్కెరలో ఎక్కువ భాగం ఖర్చయిపోతుందన్నది ఒక వివరణ.

దీనికి విత్తనంలోనే విరుగుడు వెతికే పని చాలాకాలంగా సాగుతోంది. ఉత్తరప్రదేశ్‌లోని నగీనా నుంచి వచ్చిన ఎన్-22 అనే పాత రకం వేడిని బాగా తట్టుకుంటుంది. అడవి వరి జాతి ఒకదాని నుంచి, ఎండ ముదరకముందే తెల్లవారుజామున పూసే గుణాన్ని సాగు రకాల్లోకి తెచ్చారు. ఇది నాకు చాలా నచ్చిన ఉపాయం: వేడిని ఓర్చుకోవడం కాకుండా వేడి వేళను తప్పించుకోవడం. అయితే ఒక మంచి రకం రైతు చేతికి చేరడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇప్పుడు వేస్తున్న రకాలనే కాపాడుకోగలమా అన్న ప్రశ్న నుంచి పుట్టిందే రెండో దారి. మొక్కలు కష్టకాలంలో తమలో తాము తయారుచేసుకునే పదార్థాలను బయటి నుంచి పిచికారీ చేయడం.

ముందుగా వేడి కణంలో ఏం చేస్తుందో చూడాలి. కణాన్ని చుట్టి ఉండే పొర కొవ్వు పదార్థాలతో తయారవుతుంది. వేడికి అది వదులై లోపలి లవణాలు బయటికి కారతాయి. పత్రహరితంలో కాంతిశక్తిని పట్టే యంత్రాంగం తడబడి, ఆ శక్తి ఆక్సిజన్ మీదికి మళ్లుతుంది. అలా పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు, వాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి, దొరికినదాన్నల్లా ఆక్సీకరణం చేస్తాయి. ఈ దాడికి అన్నిటికంటే సున్నితమైన చోటు పరాగకోశం లోపలి గోడ. ఎదుగుతున్న పుప్పొడికి ఆహారం పెట్టే ఈ పొర, పని పూర్తయ్యాక ఒక క్రమంలో తనంతట తాను కరిగిపోవాలి. వేడి తగిలితే ముందే కరిగిపోతుంది. పుప్పొడి ఆకలితో చస్తుంది.

ఇక్కడికి సాలిసిలిక్ ఆమ్లం వస్తుంది. విల్లో చెట్టు బెరడులోని నొప్పి తగ్గించే పదార్థానికీ, ఆస్పిరిన్ మాత్రకూ దగ్గరి చుట్టం ఇది. మొక్కల్లో ఇది ఒక సంకేతం. తెగులు సోకితే రక్షణ వ్యవస్థను లేపుతుంది. తమాషా ఏమిటంటే, చేమ కుటుంబానికి చెందిన ఒక మొక్క పూసేటప్పుడు తన పూకాడను వేడెక్కించుకుంటుంది. ఆ వేడిని రాజేసేది ఈ ఆమ్లమేనని 1987లో తేలింది. ఒక మొక్కను వేడెక్కించే పదార్థమే మరో మొక్కను వేడి నుంచి కాపాడుతుందన్నమాట.

చైనా పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ విషయంలో నాకు తెలిసిన వాటిలో స్పష్టమైనది. వేడికి తట్టుకోలేని ఒక వరి రకాన్ని తీసుకున్నారు. పుప్పొడి మాతృకణాలు విభజన చెందే దశలో, అంటే పైరు పొట్టలో ఉన్నప్పుడే, సాలిసిలిక్ ఆమ్లం చల్లారు. తర్వాత 40 డిగ్రీల వేడిలో పది రోజులు, పూతకు ముందురోజు దాకా ఉంచారు. మందు పడిన మొక్కల్లో పరాగకోశపు లోపలి పొర నిలిచింది, పుప్పొడి బతికింది. ఇంకో రెండు విషయాలు గమనించాలి. వేడి లేనప్పుడు మందు చల్లినా చల్లకపోయినా తేడా ఏమీ రాలేదు. రెండోది ఇంకా ఆసక్తికరం: సాలిసిలిక్ ఆమ్లంతో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తుడిచిపెట్టే రసాయనాన్ని కూడా కలిపి చల్లితే మేలు పోయింది. అంటే ఆ ‘విషాన్ని’ పూర్తిగా ఊడ్చేయడం రక్షణ కాదు. అది కొద్దిగా ఉండాలి, మొక్కకు హెచ్చరిక అందించేది అదే. ‘యాంటీ ఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అని సీసాల మీద రాసుకునేవారు ఈ ప్రయోగం చదవాలి.

రాత్రి వేడి మీద అమెరికాలో, టెక్సాస్‌లోని బోమాంట్ పరిశోధన కేంద్రంలో పని జరిగింది. రాత్రి ఉష్ణోగ్రత 27 డిగ్రీలున్న మొక్కలనూ 32 డిగ్రీలున్న మొక్కలనూ పోల్చారు. ఆ అయిదు డిగ్రీల తేడాకే శ్వాసక్రియ పెరిగింది, కణపొరలు దెబ్బతిన్నాయి, దిగుబడి కూలిపోయింది. సాలిసిలిక్ ఆమ్లం, విటమిన్-ఇ, గ్లైసిన్ బీటైన్‌లను ఇచ్చి చూస్తే నష్టం కొంత తగ్గింది. వీటిలో గ్లైసిన్ బీటైన్ కథ వేరు. బీట్ దుంపలో మొదట దొరికినందుకే దానికి ఆ పేరు. పాలకూర, బీట్ వంటి మొక్కలు కష్టకాలంలో దీన్ని దండిగా పోగుచేసుకుని ప్రోటీన్ల ఆకారం చెడకుండా చూసుకుంటాయి. వరికి ఆ విద్య లేదు. కాబట్టి బయటి నుంచి ఇవ్వడంలో అర్థముంది. సాలిసిలిక్ ఆమ్లం అలా కాదు, వరి ఆకుల్లో అది చాలా మొక్కల్లో కంటే ఎక్కువే ఉంటుంది. చల్లేది లోటు పూడ్చడానికి కాదు, వేడి రాకముందే మొక్కను అప్రమత్తం చేయడానికి.

మన పెరట్లోని మునగ కూడా ఈ జాబితాలో ఉంది. మునగాకు రసంలో జియాటిన్ అనే హార్మోను, విటమిన్-సి, ఫినాలిక్ పదార్థాలు ఉంటాయి. రసాన్ని నీటితో 30 రెట్లు పలుచన చేసి వాడడం పరిశోధనల్లో పరిపాటి. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఆలస్యంగా విత్తి, గింజ దశలో వేడికి చిక్కే గోధుమ మీద దీన్ని పరీక్షించి మేలు చూశారు. సముద్రపు నాచు సారాలదీ ఇదే కోవ. ఖర్చు తక్కువ కనుక మునగ మీద నాకు ఆశ ఉంది. కానీ లేతాకు రసం, ముదురాకు రసం ఒకటి కావు. ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు మోతాదు మారిపోయే మందును సిఫారసు చేయడం తేలిక కాదు.

అసలు అనుమానం మరోచోట ఉంది. పైన చెప్పినవి ఎక్కువగా కుండీల్లో, ఉష్ణోగ్రతను అదుపుచేసే గదుల్లో తేలిన ఫలితాలు. పొలంలో మొక్క తనను తాను చల్లబరచుకునేది నీటిని ఆవిరి చేసి. ఒక లీటరు నీరు ఆవిరవుతూ సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అందుకే గాలి పొడిగా ఉండి, మడిలో నీళ్లుంటే వెన్ను చుట్టూ ఉన్న గాలికంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉండగలదు. తేమ ఎక్కువైన కోస్తాలో ఆ వెసులుబాటు తగ్గుతుంది. ఇక సాలిసిలిక్ ఆమ్లం మోతాదు మించితే ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి. అంటే చల్లదనం కోసం వేసిన మందే చల్లార్చే దారిని మూస్తుంది.

మోతాదు ఎంత చిన్నదో లెక్క వేద్దాం. ప్రయోగాల్లో సాధారణంగా వాడేది ఒక మిల్లీమోలార్ లేదా అంతకన్నా తక్కువ గాఢత. ఒక మిల్లీమోలార్ అంటే లీటరుకు 138 మిల్లీగ్రాములు. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం అనుకుంటే మొత్తం 28 గ్రాములు కూడా కాదు. చెయ్యి కాస్త జారితే రెట్టింపవుతుంది. ఇది లెక్క మాత్రమే, సిఫారసు కాదు. సిఫారసు వ్యవసాయ శాస్త్రవేత్తల నుంచే రావాలి.

ఇలాంటి వాటిని ‘బయోస్టిమ్యులెంట్లు’ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి వీటిని దాని కిందికి తెచ్చింది. అందులో ఏముందో, పంటకు ఏం చేస్తుందో, హాని ఉందో లేదో ఆధారాలు చూపి అనుమతి పొందాలి. దుకాణంలో సీసా కొనేటప్పుడు ఆ వివరాలు అడగడం రైతు హక్కు.

వాడాలనుకునేవారు వేళ కూడా చూసుకోవాలి. పువ్వులు విచ్చుకునే ఉదయం పూట పిచికారీ చేస్తే పుప్పొడి తడిసి, మందు సంగతి దేవుడెరుగు, నీళ్లే నష్టం చేస్తాయి. సాయంత్రం చల్లాలి, అదీ పొట్ట దశ నుంచే. మడిలో ఒక చాళ్ల పట్టీని మందు లేకుండా వదిలేయాలి. కోతకు ముందు రెండు వైపుల నుంచీ, ఏరి ఎంచకుండా, చెరో ఇరవై వెన్నులు కోసి, గింజలూ తాలూ వేరుచేసి లెక్కపెట్టాలి. ఒక పూట పని. సీసా ఖరీదు గిట్టిందో లేదో ఆ లెక్కలోనే కనిపిస్తుంది.