బస్తా అంటే ఎన్ని కిలోలు? గోదాము సాఫ్ట్‌వేర్‌లో కొలతలు పెట్టుకునే పద్ధతి

గోదాము సరుకును కంప్యూటర్‌లో రాసేటప్పుడు కొలతలు ఎలా పెట్టుకోవాలో పై వీడియోలో స్క్రీన్ మీద చూపించాను. వీడియోలో మాట తొందరగా వెళ్ళిపోతుంది. అందుకే ఆగి ఆగి చదువుకుంటూ చేసుకోవడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాది చెంగిచెర్లలో చిన్న గోదాము. ప్రకృతి వ్యవసాయం చేసే కొన్ని కుటుంబాలం కలిసి అద్దెకు తీసుకున్నాం. వడ్లు, పల్లికాయ, కందులు, పసుపు, గానుగ నూనె వరంగల్ రోడ్డు మీదుగా ఇక్కడికి వస్తాయి. ఇక్కడి నుంచి ఉప్పల్, నాచారం వైపు ఇళ్ళకూ దుకాణాలకూ వెళ్తాయి. లెక్క రాసేది నేనే.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

వంద కిలోలు ఎక్కడికి పోయాయి?

సాఫ్ట్‌వేర్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు పల్లికాయకు కొలత 'బస్తా' అని పెట్టాను. 1 బస్తా అంటే 40 కిలోలు అని రాశాను. ఇద్దరు రైతుల దగ్గర నుంచి సరుకు వచ్చింది. ఒకరివి 30 బస్తాలు, ఇంకొకరివి 20. మొత్తం 50 బస్తాలు. కంప్యూటర్ దాన్ని 2,000 కిలోలుగా తీసుకుంది. మేము కిలోల్లో అమ్ముకుంటూ వచ్చాం. చివరికి గోదాము ఖాళీ అయింది కానీ, స్క్రీన్ మీద ఇంకా 100 కిలోలు ఉన్నట్టే చూపిస్తోంది. కిలో 70 రూపాయల చొప్పున 7,000 రూపాయల సరుకు.

అందరి చూపూ మా హమాలీ మీదికి పోయింది. నిజం చెప్పాలంటే నా చూపు కూడా. ఆయన ఒక్కటే మాట అన్నాడు: "సారూ, సంచులు లెక్కవెట్టుకోండ్రి. ఒక్కటి తక్కువున్నా నా కూలి పట్టుకోండ్రి." సంచులు లెక్కపెడితే యాభైకి యాభై ఉన్నాయి.

అప్పుడు పాత కాంటా చీటీలు బయటికి తీశాను. మొదటి రైతు బస్తాలు 40 కిలోలవే, 1,200 కిలోలు. రెండో రైతు సంచి మూతి కుట్టడానికి జాగా వదిలి నింపాడు. ఆయన బస్తా 35 కిలోలే తూగింది, అంటే 700 కిలోలు. రెండూ కలిపితే 1,900. పోయిన 100 కిలోలు అసలు గోదాములోకే రాలేదు. రైతులకు డబ్బు కాంటా చీటీ ప్రకారమే ఇచ్చాం కాబట్టి, తప్పు నా ఎంట్రీలో ఉందని ఎవరికీ తట్టలేదు. అందరి ముందూ హమాలీకి క్షమాపణ చెప్పాను. కొలత తప్పు పెడితే ఒక మనిషి మీద దొంగతనం ముద్ర పడుతుందని ఆ రోజు తెలిసింది.

కొలతలు మూడు రకాలు

మొదటి రకం ఎప్పుడూ మారనివి. 1 క్వింటాల్ అంటే 100 కిలోలు. 1 ఎకరం అంటే 40 గుంటలు. ఇవి ఏ ఊళ్ళోనైనా, ఏ పంటకైనా ఒకటే. వీటిని సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారి రాస్తే చాలు.

రెండో రకం మనం గట్టిగా నిర్ణయించుకున్నప్పుడు మాత్రమే నిలబడేవి. జీవామృతం డ్రమ్ము అంటే మనకు 200 లీటర్లు. బియ్యం సంచి ఒకప్పుడు 25 కిలోలు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబుల్ సంచుల మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక, మార్కెట్‌లోకి 26 కిలోల సంచులు దిగాయి. పేరు 'సంచి' అనే ఉంది, లోపలి బరువు మారింది. ఇలాంటి కొలతను ఆ ఒక్క సరుకుకే, ఆ ఒక్క ప్యాకింగ్‌కే రాసుకోవాలి.

మూడో రకం ఎప్పుడూ నిలబడనివి. గంప, కట్ట, ఎరువు ట్రాలీ, రైతు ఇంట్లో నింపిన బస్తా. అదే గోనె సంచిలో వడ్లు పోస్తే ఒక బరువు, పల్లికాయ పోస్తే సుమారు సగమే. గొర్రెల ఎరువు ట్రాలీ వానకు తడిస్తే ఒక బరువు, ఎండితే ఇంకో బరువు. మన పెద్దవాళ్ళకు ఇది బాగా తెలుసు. మానెడు బియ్యం, మానెడు అటుకులు ఒకే బరువు తూగుతాయని వాళ్ళెప్పుడూ అనుకోలేదు. మా చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, జీవాల వ్యాపారం మాకు కొత్త కాదు. గొర్రెలను తల లెక్కన కొంటారు, మాంసాన్ని కిలోల్లో అమ్ముతారు. 20 తలలంటే ఇన్ని కిలోలు అని ముందే ఎవరూ రాసుకోరు. కాంటా మీదే తేలుతుంది. మన బస్తా కూడా అంతే. దాన్ని కొలత అనుకోవద్దు, అది సరుకు వచ్చిన సంచి.

పెట్టుకునే పద్ధతి

1. ప్రతి సరుకుకూ ఒక మూల కొలత ఎంచుకోండి. తూచేదానికి కిలో. లెక్కపెట్టేదానికి, అంటే కొబ్బరికాయలు, సీసాలు, ఖాళీ సంచులకు, సంఖ్య.

2. పేరు ఒక్కటే ఉండాలి. ఒకరు 'కేజీ', ఇంకొకరు 'కిలో', మరొకరు 'కేజీలు' అని కొలతలు సృష్టిస్తే సాఫ్ట్‌వేర్‌కు అవి మూడు వేరు వేరు కొలతలు. కొత్త కొలత చేర్చే పని ఒక్కరి చేతిలోనే పెట్టండి.

3. దశాంశ స్థానాలు చూసుకోండి. టాలీలో 0 నుంచి 4 వరకు పెట్టుకోవచ్చు. కిలోకు 3 పెడితే గ్రాము వరకు రాయొచ్చు. సంఖ్యకు 0 పెట్టండి. ఈఆర్‌పీనెక్స్ట్ వాడేవాళ్ళు సంఖ్యకు 'పూర్ణ సంఖ్య మాత్రమే' అనే అర్థం వచ్చే గడిలో టిక్ పెట్టాలి. అప్పుడు రెండున్నర సీసాలు అని ఎవరూ రాయలేరు.

4. టాలీలో కొలత చేసేటప్పుడు సింపుల్, కాంపౌండ్ అని రెండు రకాలు అడుగుతుంది. కిలో సింపుల్. క్వింటాల్‌ను కిలోతో కలిపి 100 అని రాస్తే కాంపౌండ్. బస్తాకు కాంపౌండ్ చేయకండి. నేను చేసిన తప్పు అదే.

5. సరుకు దించగానే తూచి, సంచి బరువు తీసేసి, నికర కిలోలే పరిమాణం గడిలో రాయండి. కొత్త గోనె సంచి అర కిలోకు పైనే ఉంటుంది. 50 సంచులంటే 25 కిలోలు దాటిపోతుంది. ఎన్ని సంచులు వచ్చాయో వివరం గడిలో రాయండి. హమాలీ కూలికి ఆ సంఖ్య కావాలి, స్టాకుకు అక్కర్లేదు.

6. ధర ఏ కొలత మీదో చూడండి. మండిలో ధర క్వింటాల్‌కు, మన దుకాణంలో కిలోకు. 7,000 అని కొట్టి పక్కన కిలో అని వదిలేస్తే స్టాకు విలువ వంద రెట్లు కనిపిస్తుంది.

నూనె దగ్గర జాగ్రత్త

గానుగ నూనె డబ్బా 15 కిలోలు అంటాం, అమ్మేది లీటర్లలో. లీటరు పల్లి నూనె సుమారు 910 గ్రాములే. అంటే 15 కిలోల డబ్బాలో దాదాపు 16.5 లీటర్లు ఉంటుంది. కిలో, లీటరు ఒకటే అనుకుంటే 10 డబ్బాలకు 15 లీటర్ల దాకా తేడా వస్తుంది. వేసవి వేడికి నూనె వ్యాకోచించి లీటర్లు కొంచెం పెరుగుతాయి కానీ, బరువు మారదు. అందుకే మేము నూనెకు మూల కొలత కిలో పెట్టాం. లీటరు సీసాను వేరే సరుకుగా చేశాం. ఒక్కో సీసా నింపితే నూనె స్టాకులో 0.910 కిలో తగ్గుతుంది.

ఇది కొలత మార్పు కాదు

వడ్లు బియ్యం కావడం కొలత మార్పు కాదు, సరుకే మారడం. ప్రభుత్వ సేకరణలో క్వింటాల్ వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అని లెక్క. మన దేశవాళీ రకాలు, తక్కువ పాలిష్ పట్టించినవి ఆ లెక్కకు రావు. కాబట్టి వడ్లు ఎన్ని కిలోలు వెళ్ళాయి, బియ్యం, తవుడు, ఊక ఎన్ని కిలోలు వచ్చాయి అని మిల్లు నుంచి వచ్చిన ప్రతిసారీ తూచి రాయండి. పల్లికాయ నుంచి గింజ తీసినా అంతే. పసుపు ఆరి బరువు తగ్గితే ఆ తగ్గుదలను 'ఆరుదల' అని విడిగా రాయండి. అప్పుడు ఎవరి మీదా అనుమానం రాదు.

ఇప్పటికే తప్పు పెట్టి ఉంటే?

కొనుగోళ్ళు, అమ్మకాలు ఎక్కాక మూల కొలతను మార్చడం తేలిక కాదు. ఈఆర్‌పీనెక్స్ట్ అయితే నేరుగా ఒప్పుకోదు. మేమేం చేశామంటే, ఒక ఆదివారం గోదాము మూసి, ఉన్న సరుకంతా తూచాం. 'పల్లికాయ' అని కిలోల్లో కొత్త సరుకు తెరిచి, తూకం వచ్చినంత ప్రారంభ నిల్వగా ఎక్కించాం. పాత సరుకును సున్నా చేసి, ఎందుకు చేశామో పక్కన రాసి మూసేశాం. పాత ఎంట్రీలు చెరపకండి. కాంటా చీటీలతో కలిపి దాచండి.

మొదలుపెట్టే ముందు చిన్న పరీక్ష చేయండి. ఒకే సరుకు రెండు సంచులు తూచి ఎక్కించండి. అందులో కొంత కిలోల్లో అమ్మినట్టు రాయండి. మిగిలిన నిల్వను స్క్రీన్ మీద చూసి, కాంటా మీద కూడా తూచండి. రెండూ కలిస్తే ముందుకు వెళ్ళండి. కలవకపోతే కొలతల దగ్గరికి తిరిగి రండి, మనుషుల దగ్గరికి వెళ్ళకండి.

మీ సంఘంలో లెక్కలు రాసేవాళ్ళకు ఈ వీడియో చూపించండి. ఎంట్రీ చేసే కుర్రవాళ్ళతో పాటు సంచులు మోసే అన్నలను కూడా కూర్చోబెట్టండి. ఏ రైతు బస్తా ఎంత తూగుతుందో మనకంటే వాళ్ళ భుజానికే ముందు తెలుస్తుంది.