పొరుగింటి ప్రసాదం – పునీత పౌలుగారి సలహా

పఠనం: 1 కొరింతీ 8:1-13, 10:14-33

కార్తీక మాసం వచ్చిందంటే అన్నవరం రత్నగిరి జనంతో నిండిపోతుంది. పెళ్లిళ్ల రోజుల్లోనూ అంతే. కొత్త దంపతులు కొండమీద సత్యనారాయణ స్వామి వ్రతం చేసుకుని ఇంటికి తిరిగివచ్చాక ఇరుగుపొరుగులకు ప్రసాదం పంచుతారు. గోధుమ నూకతో, నేతితో చేసి ఆకులో కట్టిన ఆ పొట్లం గోదావరి జిల్లాల్లో కతోలిక కుటుంబాల గుమ్మంలోకి కూడా వస్తుంది. "అన్నవరం వెళ్లొచ్చాం వదినగారూ, ప్రసాదం" అని పొరుగింటావిడ చేయి చాపుతారు. తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే తినాలా? పిల్లలకు పెట్టవచ్చా?

కొందరు ఏ ఆలోచనా లేకుండా తినేస్తారు. కొందరు నవ్వుతూ పుచ్చుకుని, ఆవిడ వెళ్లగానే కాలవలో పారేస్తారు. మరికొందరు "మేం క్రైస్తవులం, మాకు పనికిరాదు" అని ముఖం మీదే చెబుతారు. సరిగ్గా ఈ చిక్కే కొరింతు క్రైస్తవులకు వచ్చింది.

కొరింతు రెండు రేవుల మధ్య ఉన్న వర్తక పట్టణం. పునీత పౌలుగారు అక్కడ ఏడాదిన్నర ఉండి బోధించారని అపొస్తలుల చర్యలు 18:11 చెబుతోంది. ఆ ఊరి గుళ్లలో భోజనశాలలు ఉండేవి. వాటి శిథిలాలు నేటికీ చూడవచ్చు. పెళ్లి అయినా, మొక్కుబడి అయినా విందు అక్కడే జరిగేది. బలి ఇచ్చిన మాంసంలో కొంత బజారుకూ వచ్చేది. నిన్నటిదాకా ఆ విందులలో కూర్చున్నవారే ఇప్పుడు జ్ఞానస్నానం పొంది, ఏం చేయాలని పౌలుగారికి ఉత్తరం రాశారు.

ఆయన అన్నిటికీ ఒకే జవాబు ఇవ్వలేదు. గమనించి చదివితే మూడు సందర్భాలను విడదీశారు. మొదటిది, గుడిలో జరిగే ఆరాధనా విందు. ఇక్కడ ఆయన మాటలో మెత్తదనం లేదు. ప్రభువు పాత్రలో పాలుపొందేవారు మరొక పీఠం వద్ద పాలుపొందలేరు (10:14-22). మతాంతర వివాహం చేసుకున్న మన పిల్లలకు ఇది అక్కరకొచ్చే మాట. అత్తవారింట వ్రతానికి వచ్చినవారికి మంచినీళ్లు అందించడం, వంటలో సాయపడటం ఒకటి. పీటల మీద కూర్చుని పూజ చేయడం వేరు. ఆ రెండో దాన్ని నమ్రతతో, పెద్దలను నొప్పించకుండా, వీలైతే ముందుగానే చెప్పి తప్పుకోవాలి. వ్రతం రోజు ఉదయం గొడవ పెట్టుకోవడం సాక్ష్యం కాదు.

రెండవది బజారు. అంగడిలో అమ్మేదాన్ని ఎక్కడిదని ఆరా తీయకుండా తినండి, భూమీ అందులోని సమస్తమూ ప్రభువువే అన్నారు (10:25-26). మూడవది పొరుగువారి ఇల్లు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లండి, వడ్డించింది తినండి. అయితే "ఇది దేవునికి అర్పించింది" అని ఎవరైనా చెబితే, చెప్పినవారి కోసం, మనస్సాక్షి కోసం తినవద్దు (10:27-29).

ఇక్కడ ఒక చిన్న మాట మీద ఆగాలి. 8వ అధ్యాయంలో పౌలుగారు వాడిన గ్రీకు మాటకు 'విగ్రహానికి అర్పించింది' అని అర్థం. అది మనవాళ్ల మాట. కానీ 10:28లో, ప్రాచీన ప్రతుల ప్రకారం, ఆ మాట మారింది. 'హియెరోతుతోన్', అంటే 'పవిత్రంగా అర్పించింది'. అది ఆ భక్తులు తమ గౌరవం కొద్దీ వాడే మాట. పౌలుగారు వారి విశ్వాసాన్ని అంగీకరించలేదు, అయినా వారి మాటను వారి నోట వెక్కిరింపుగా మార్చలేదు. 'ప్రసాదం' కూడా అటువంటి మాటే. మనం దివ్యసత్ప్రసాదం అనేటప్పుడు ఆ మాటనే ఎంత భక్తితో పలుకుతామో గుర్తుచేసుకోండి.

కాబట్టి "అన్నవరం ప్రసాదం" అని చెప్పి ఇచ్చినప్పుడు, పౌలుగారి సలహా తినకపోవడం వైపే మొగ్గుతుంది. కానీ ఆయన చెప్పిన కారణం భయం కాదు, ఎదుటివారి మనస్సాక్షి. మన ఇంట్లోనో విచారణలోనో కొత్తగా జ్ఞానస్నానం పొందినవారు ఉంటే, మనం తినడం చూసి "పాత ఆరాధన కూడా ఫరవాలేదు" అనుకోవచ్చు. తన తిండి సోదరుని పడగొట్టేదైతే ఇక ఎన్నడూ మాంసం ముట్టనన్నారు పౌలుగారు (8:13). తెలిసినవాడే తన హక్కు వదులుకోవాలన్నది ఈ రెండు అధ్యాయాల సారం. మీ ఇంటి పరిస్థితిలో సందేహం ఉంటే విచారణ గురువులను అడగండి.

తినకపోతే ఎలా చెప్పాలి? "మమ్మల్ని గుర్తుపెట్టుకుని తెచ్చారు, సంతోషం వదినగారూ. మా ఆరాధన వేరు కనుక పుచ్చుకోలేం, ఏమీ అనుకోకండి. పిల్లల పెళ్లి కబుర్లు చెప్పండి, కూర్చోండి." ఇంతే. నవ్వుతూ తీసుకుని కాలవలో పారేయడం అబద్ధం, పైగా అవమానం. ఆవిడ కంటపడితే మన క్రిస్మస్ శుభాకాంక్షలకు విలువేముంటుంది? శాకాహారులైన పొరుగువారు మన క్రిస్మస్ కేకును గుడ్డు వేశారేమోనని తినకపోతే మనం నొచ్చుకోం గదా. గుడ్డు వేయనిది ఒకటి విడిగా చేయించి పంపే ఇల్లాళ్లు మనలో ఉన్నారు. పౌలుగారి మాటను వారు మనకన్నా బాగా అర్థం చేసుకున్నారనిపిస్తుంది.

ఇంకొక్క పుట తిప్పితే 11వ అధ్యాయం. ఉన్నవారు ముందే తిని తృప్తిపడుతుండగా లేనివారు ఆకలితో కూర్చున్న సమావేశాన్ని అది ప్రభువు భోజనమే కాదంటారు పౌలుగారు (11:20-22). ఆకు పొట్లం గురించి ఇంత మనస్సాక్షి చూపే మన ఊళ్లలోనే, పేట దాటి తోటి కతోలికుని ఇంట మంచినీళ్లు పుచ్చుకోవడానికి సందేహించేవారు ఉన్నారు. సంఘంలో కులభేదం విశ్వాసానికి విరుద్ధమని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారతపై ప్రత్యేక విధానమే ప్రకటించవలసి వచ్చింది. రొట్టె ఒక్కటే కనుక మనమందరం ఒకే శరీరమని చెప్పే 10:17 ఈ ప్రసాదం చర్చ నడుమనే ఉంది. ఈ వారం కుటుంబ ప్రార్థనలో అక్కడి నుండి 11:22 వరకు ఒకే విడతలో చదవండి. మధ్యలో ఆపవద్దు.