గ్రహశకలం భయం: వంద గడుల లెక్క



"టీచర్, 2032లో భూమికి గ్రహశకలం తగులుతుందట కదా?" అని మా ఏడో తరగతి పాప అడిగింది. ఫోన్‌లో వీడియో చూసి రాత్రి సరిగా నిద్రపోలేదట. "ఏం కాదులే" అంటే భయం పోదు. అందుకే ఆ రోజు పాఠం దాని మీదే చెప్పాను.

ఆ గ్రహశకలం పేరు 2024 వైఆర్4. చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ దాన్ని 2024 డిసెంబరు 27న గుర్తించింది. అంతకు రెండు రోజుల ముందే అది సుమారు 8.3 లక్షల కిలోమీటర్ల దూరంలో మనల్ని దాటిపోయింది.

దారి: సూర్యుణ్ణి చుట్టి రావడానికి దానికి సుమారు 4 ఏళ్లు పడుతుంది. కక్ష్య బాగా సాగిన కోలగా ఉంటుంది. ఒక కొన భూమి కక్ష్య లోపలికి వస్తే, రెండో కొన అంగారకుణ్ణి దాటి గురుగ్రహం వైపు పోతుంది.

పరిమాణం: వెలుగును బట్టి మొదట 40 నుంచి 90 మీటర్లు అనుకున్నారు. నల్లని పెద్ద రాయి, తెల్లని చిన్న రాయి దూరం నుంచి ఒకేలా మెరవచ్చు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ దాని వేడిని కొలిచాక సుమారు 60 మీటర్లని తేలింది. అది తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 20 నిమిషాలు చాలు.

2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి పెరిగింది. వారం తిరగకముందే దాదాపు సున్నాకు పడిపోయింది. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది?

ఇంట్లో చేసి చూడండి: కాగితం మీద 100 గడులు గీయండి. ఒక గడికి రంగు వేయండి, అది భూమి. ఆ రోజున గ్రహశకలం ఏదో ఒక గడిలో ఉంటుంది. అంటే తాకే అవకాశం 1 శాతం. కొత్త కొలతలు వచ్చేకొద్దీ అది ఉండలేని గడులు కొట్టేయండి. 33 మిగిలితే అవకాశం 3 శాతం. రాయి దారి మారలేదు, మనకు తెలిసింది పెరిగింది. చివరికి రంగు గడినే కొట్టేస్తే, సున్నా.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు మనం పుకార్లు వినం, గంటగంటకూ నీటిమట్టం కనుక్కుంటాం. ఆకాశం సంగతీ అంతే. పాత 3.1 శాతం వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మీ పిల్లలు అలాంటిది చూపిస్తే కోప్పడకండి. "ఎవరు కొలిచారు? ఏ తేదీన?" అని పక్కన కూర్చుని అడగండి.