నయా వలసవాదం: ఎన్‌క్రూమా గ్రంథ పరిచయం

"తెల్లదొర పోయాడు, జెండా మారింది. ఇంకా సామ్రాజ్యవాదం ఎక్కడుందండీ?" అని కొందరు మిత్రులు నన్ను అడుగుతూ వుంటారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు వెదికేవారు మొట్టమొదట చదవదగిన పుస్తకంగా క్వామే ఎన్‌క్రూమా 1965లో ప్రచురించిన "నయా వలసవాదం: సామ్రాజ్యవాదపు చివరి దశ"ను నేను సూచిస్తాను. పేరు చూడగానే 1917 నాటి లెనిన్ గ్రంథం గుర్తుకు వస్తుంది. అలా రావాలనే ఆ పేరు పెట్టబడింది.

ఎన్‌క్రూమా ఒట్టి పండితుడు కాడు. 1957 మార్చి 6న ఘనా స్వతంత్ర దేశమైనప్పుడు ప్రధాని, 1960 నుండి అధ్యక్షుడు. అధికార పీఠం మీద కూర్చుని, "నా చేతిలో వున్న అధికారం ఎంత?" అని లెక్క వేసుకున్న మనిషి రాసిన పుస్తకమిది.

ఆయన వాదం క్లుప్తంగా యిది. ఒక దేశానికి పార్లమెంటు, సైన్యం, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ అన్నీ వుండవచ్చు. కాని దాని ఆర్థిక వ్యవస్థను బయటివారు నడుపుతూ వుంటే, రాజకీయాలను కూడా వారే నడుపుతారు. పాత వలస పాలకుడు కనీసం తన దేశంలో జవాబు చెప్పుకోవలసి వచ్చేది. కొత్త యజమానికి ఆ బాధ కూడా లేదు.

దీనికి ఘనా కోకోయే ఉదాహరణ. ఆయన యిచ్చిన లెక్క ప్రకారం 1954-55లో పంట 2 లక్షల 10 వేల టన్నులు. దాని మీద వచ్చింది 8 కోట్ల 55 లక్షల పౌన్లు. పదేళ్ళకు పంట 5 లక్షల 90 వేల టన్నులకు పెరిగింది. రాబడి మాత్రం 7 కోట్ల 70 లక్షల పౌన్లకు తగ్గుతుందని అంచనా. రైతు దాదాపు మూడింతలు పండించి తక్కువ సంపాదించాడన్న మాట! ధర నిర్ణయమయ్యేది పండించే చోట కాదు గదా.

రెండో ఉదాహరణ కాంగో. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలైనా తిరక్కుండానే రాగి గనులున్న కటాంగా రాష్ట్రం విడిపోతున్నట్లు షోంబే ప్రకటించాడు. అక్కడి గనుల కంపెనీ యూనియన్ మినియేర్ పన్నులను కేంద్రానికి గాక ఆయనకే చెల్లించింది. 1961 జనవరి 17న ప్రధాని లుముంబా ఆ కటాంగాలోనే హత్య చేయబడ్డాడు. అటువంటి కంపెనీల వాటాలు ఎవరెవరి చేతుల్లో వున్నాయో ఎన్‌క్రూమా అధ్యాయాల కొద్దీ విప్పి చూపుతాడు. పుస్తకం వెలువడగానే అమెరికా ప్రభుత్వం నిరసన తెలిపింది. 1966 ఫిబ్రవరి 24న, ఆయన హనోయి ప్రయాణంలో వుండగా, సైన్యం ఆయనను పదవి నుండి తొలగించింది.

ఐతే నేను ముఖ్యంగా చెప్పదలచినది వేరు. ఇంత తెలిసిన ఎన్‌క్రూమాయే వోల్టా నది ఆనకట్టకు ఒప్పందం చేసుకున్నాడు. ఆనకట్ట కింద సుమారు 80 వేలమంది ఊళ్ళు వదిలారు. కరెంటులో పెద్ద భాగం చౌకగా అమెరికన్ కంపెనీలైన కైజర్, రేనాల్డ్సుల అల్యూమినియం కర్మాగారానికి పోయింది. ఘనాలో బాక్సైటు వుండగా ఆ కర్మాగారం అల్యూమినాను దిగుమతి చేసుకుంది! 1985లో ఘనా ఆ ఒప్పందాన్ని తిరగరాయించి కరెంటు ధర పెంచుకోవలసి వచ్చింది. సిద్ధాంతం తెలిసినంత మాత్రాన బేరమాడే బలం రాదని యీ సంగతి చెబుతోంది. అప్పు యిచ్చేవాడూ, సరుకు కొనేవాడూ ఒకే పక్షమైతే చిన్న దేశం ఏం బేరమాడగలదు?

మరొక లోటు కూడా చెప్పాలి. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1958లో వచ్చింది. 1964లో ఒకే పార్టీ రాజ్యమైంది. ప్రతిపక్ష నాయకుడు డాన్‌క్వా 1965లో నిర్బంధంలోనే మరణించాడు. బయటి దోపిడీని ఎండగట్టిన పుస్తకం యింటి తప్పుల మీద మౌనంగా వుంది. పరాయివాణ్ణి నిందించటం సొంత పాలకులకు రక్షణ కవచం కాకూడదు. ప్రశ్నించే ప్రజలు లేని దేశం బయటివారికి మరింత సులువుగా లొంగుతుందని నా అభిప్రాయం.

కనుక మిత్రులు యీ గ్రంథాన్ని నినాదాల కోసం గాక ప్రశ్నల కోసం చదవాలని కోరుతున్నాను. ధర ఎవరు నిర్ణయిస్తున్నారు? లాభం ఎక్కడికి పోతున్నది? ఒప్పంద పత్రాన్ని ప్రజలకు చూపించారా? ఏ దేశం విషయంలోనైనా యీ మూడూ అడిగి చూడండి.