పేరులో ఆరోగ్యము, డబ్బాలో చక్కెర

మిఠాయి తినునపుడు చక్కెర తినుచున్నామని మనకు తెలియును. కనుక మితము పాటింతుము. కాని బలమునకని అమ్మెడి పానీయపు పొడులలోను, పెట్టెలలోని పండ్లరసములలోను, చాకొలెట్ రుచిగల అటుకులలోను ఉండు చక్కెర కంటికి కానరాదు. తల్లులు వీనిని ఔషధమువలె శ్రద్ధతో పిల్లల కిచ్చుచున్నారు.

మితమనగా నెంత? ఆహారమువలన కలుగు శక్తిలో చక్కెర పాలు నూటికి పదికి తక్కువగా నుండవలెననియు, ఐదుకు తగ్గిన మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది. ఐదు పాళ్లనగా పెద్దలకు దినమునకు సుమారు 25 గ్రాములు, ఆరు చిన్న చెంచాలు. పిల్లలకు అంతకంటె తక్కువ. తేనె, బెల్లము, పండ్లరసము ఈ లెక్కలోనివే. పండుగా తిన్న పండులోని తీపి, పాలలోని సహజమైన తీపి ఇందు చేరవు.

ఒక లెక్క చేయుదము. పొడి డబ్బాపై 100 గ్రాములకు 32 గ్రాముల చక్కెర యని యున్నదనుకొనుడు. పూటకు 20 గ్రాముల పొడి కలిపినచో 6.4 గ్రాములు, రెండు పూటలకు 12.8 గ్రాములు, అనగా మూడు చెంచాలకు పైమాట. పెద్దల మితములో సగము ఇచ్చటనే తీరినది. పాలలో విడిగా వేయు చక్కెర దీనికి అదనము. ఇట్టి అలవాటువలన పండ్లు పుచ్చును, దేహము స్థూలించును, స్థూలకాయము మధుమేహమునకు దారితీయును.

చక్కెర పలుపేర్లతో వచ్చును: సుక్రోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ సారము. డబ్బాపై పదార్థములను బరువునుబట్టి ఎక్కువదానినుండి తక్కువదానికి వ్రాయవలెనని నియమము. చక్కెర మూడు పేర్లుగా చీలినచో ఒక్కొక్కటి వరుసలో క్రిందికి జారును. కావున మూటిని కూడి చూడవలెను.

"ఆరోగ్య పానీయము" అను మాటకు 2006 నాటి ఆహార భద్రతా చట్టములో నిర్వచనమే లేదు. అందుచేత 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఆ శీర్షికనుండి అట్టి పానీయములను తొలగింపుడని ఇంటర్నెట్ అంగళ్లకు సూచించినది.

విద్యార్థులారా! డబ్బాపై వివరములు ఇంగ్లీషునగాని హిందీలోగాని యున్న చాలును; తెలుగున ఉండవలెనను నిర్బంధము లేదు. తెలుగు మాత్రమే చదువగల తల్లికి ఆ డబ్బా మూగది. దానికి మాట నీయవలసినది మీరే. కొనుటకు ముందే చదివి, చెంచాల లెక్కలో ఆమెకు తెలుపుడు. మజ్జిగ కలిపిన రాగిజావ, ఉడికించిన వేరుసెనగలు, ఒక అరటిపండు: వీనికి చీటీ చదువ నక్కరలేదు.

అభ్యాసము
1. మీ యింటనున్న ఒక డబ్బాపై చక్కెర యెన్ని పేర్లతో నున్నదో వ్రాయుడు.
2. మీరు దినమునకు త్రాగు పానీయములోని చక్కెరను 4 గ్రాములు ఒక చెంచాగా లెక్కించి, తల్లిదండ్రులకు చూపుడు.